మూడు వేళ్ళు తక్కువ మూర

"కార్తీకం రెండో సోమవారం. తోరణానికి దారం ఎనిమిది మూరలు. నాలుగు మూరలు గుచ్చాను." నా డైరీలో రాసుకున్న ఈ మూడు ముక్కలు మా పిల్లిని చంపబోయాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషిని. నేను రాసుకున్న అంకెలో తప్పుందని అప్పట్లో ఎవరైనా అని ఉంటే, ముందు నీ ఎక్కాలు అప్పజెప్పు అనేదాన్ని.

మాది కృష్ణా జిల్లా. అమ్మాయికీ అల్లుడికీ హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వచ్చాక, నేను రిటైరై వాళ్ళ దగ్గరికి వచ్చేశాను. మొయినాబాద్‌లో కొత్తగా వేసిన లేఅవుట్‌లో ఇల్లు. రోడ్డుకు రెండు పక్కలా ప్లాట్ల బోర్డులు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. ఉదయం ఏడున్నరకు ఆఫీసు క్యాబ్ వచ్చి ఇద్దరినీ ఎక్కించుకుపోయేది. రాత్రి ఎనిమిదిలోపు వాళ్ళు ఇల్లు చేరిన రోజులు ఆ ఏడాది మొత్తం మీద పదకొండు. పన్నెండున్నర గంటలు ఇంట్లో నేనూ, బూడిదరంగు పిల్లీ. అది రెండేళ్ళ కిందట ఒక వానరోజున వంటింటి కిటికీలోంచి దూరి, బియ్యం డబ్బా మీద కూర్చుని, ఇంక దిగలేదు. పిల్లులంటే నాకు ఇష్టమని నేనెప్పుడూ అనలేదు. పాలు మాత్రం రోజుకు రెండుసార్లు, ఆరుకూ నాలుగుకూ, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా పోసేదాన్ని.

ఇంకో మనిషి గురించి చెప్పాలి. మా లేఅవుట్‌కు రోజూ పూలు తెచ్చే ఆవిడ. నలభై ఐదేళ్ళుంటాయి. ఒకప్పుడు మా ఇళ్ళున్న చోటే వాళ్ళ అరెకరం చామంతి తోట ఉండేది. భూమి అమ్మారు, ప్లాట్లు పడ్డాయి, మేం వచ్చాం. ఆమె ఇప్పుడు వేరేవాళ్ళ తోటలో పూలు కొని, తన తోట మీద కట్టిన ఇళ్ళకే తిరిగి అమ్మేది. దాని గురించి ఆమె ఏడవగా నేను చూడలేదు. "నా చామంతి మొక్క గీడనే ఉండె, నీ బాత్రూమ్ కాడ" అని నవ్వేది.

ఆమెకూ నాకూ ఆరేళ్ళుగా ఒకటే తగువు. మూర.

మూర అంటే మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా. ఇరవైనాలుగు వేళ్ళ వెడల్పు. ఈ మాట నేను ఆరో తరగతి పిల్లలకు చెప్పేదాన్ని. పూలావిడ మాల పట్టుకుని కొలిచేటప్పుడు చెయ్యి ఎంత వేగంగా తిరుగుతుందంటే, మోచెయ్యి ఎక్కడ మొదలైందో కంటికి దొరకదు.

"ఏమమ్మా, మోచేతి దాకా పోవడానికి నీ మాలకు దారి తెలియదా?" అనేదాన్ని.

"నా చెయ్యి దేవుడిచ్చిన చెయ్యి, టీచరమ్మా. నీ ఇస్కూలు స్కేలు గాదు."

"దేవుడు నీకు చెయ్యి పూర్తిగానే ఇచ్చాడు. నువ్వే సగంలో ఆపుతున్నావు."

"ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు. నా మూర నిండు మూర. కావాల్నంటే తీస్కో, లేకుంటే చేవెళ్ల అంగడికి పో!"

రోజూ ఇదే. రోజూ తీసుకునేదాన్ని.

ఆ కార్తీక సోమవారం గుమ్మానికి నేనే తోరణం గుచ్చుతానన్నాను. విడి చామంతులు శేరున్నర పోసింది. "దారం నేనిస్త, ఊకెనే" అని తన సంచిలోంచి తెల్లటి దారం ఉండ తీసి, నా ఎదుటే చేతికి చుట్టి కొలిచింది. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. అట్టముక్కకు చుట్టి నా చేతిలో పెట్టింది. ఎనిమిది మూరలని నేను రాసుకున్నాను. సాయంత్రం అయిదుకు కూర్చుని, సూదితో పువ్వులు గుచ్చి, అట్టముక్క వైపు జరుపుకుంటూ పోయాను. ఆరున్నరకు కొలిచి చూస్తే నాలుగు మూరలైంది. నా చేతి మూరే. అంతలో ఫోన్ మోగింది. నాలుగు నిమిషాలు మాట్లాడి వచ్చాను.

వచ్చేసరికి తోరణం ఉంది, సూది ఉంది. అట్టముక్క తడిగా, అంచులు కొరికి ఉంది. దాని మీద దారం లేదు. మంచం కింద చీపురుతో ఊడ్చాను, పరుపు దులిపాను. దొరకలేదు. "మిగిలిన దారం ఏమైంది?" అని డైరీలో రాసి ప్రశ్నార్థకం పెట్టి పడుకున్నాను. పిల్లి బియ్యం డబ్బా మీద మూతి నాక్కుంటోంది. దానిమీద నాకు అనుమానమే రాలేదు.

మంగళవారం అది నాలుగుసార్లు కక్కింది. పాలు ముట్టలేదు. రెండు పూటలూ గిన్నె అలాగే ఉండిపోయింది. పిల్లులు గడ్డి తిని కక్కుకుంటాయని ఊరుకున్నాను. బుధవారం ఉదయం క్యాబ్ వెళ్ళిన పది నిమిషాలకు పూలావిడ గేటు తీసుకుని వచ్చింది. నేను పిల్లిని ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. దాని వీపు విల్లులా వంగిపోయింది, కళ్ళు సగం మూసుకుపోయాయి.

"ఏమాయె దీనికి? నోరు తెరువు, చూస్త" అని ఆమే రెండు వేళ్ళతో దవడ తెరిచింది. నాలుక కింద తెల్లగా ఏదో. దారం. నాలుక మొదలుకు ఉచ్చులా చుట్టుకుని, గొంతులోకి దిగిపోయి ఉంది.

"ఓ యమ్మ! దారం మింగిందే! ఆగు, గుంజుత."

ఆమె గోళ్ళతో దారం కొస పట్టుకుంది. పిల్లి కీచుమని అరిచింది. ఆమె చేతి మీద ఫట్టున కొట్టాను.

"లాగకు! లంగా బొందు ఒక కొస ముడేసి రెండో కొస లాగితే ఏమవుతుంది?"

ఆమె ఒక్క క్షణం చూసింది. "బట్టంత కుచ్చులు కుచ్చులు అయితది."

"దాని పేగులు ఇప్పుడలాగే ఉన్నాయి."

ఆమె మెట్టు మీద దించిన గంప ఎత్తి, పూలన్నీ మా వరండాలో చాప మీద ఒంపేసింది. ఆ రోజు బేరం అంతా ఆ చాప మీదే వాడిపోయిందని తరవాత ఎప్పుడో గానీ నాకు తట్టలేదు. ఖాళీ గంపలో నా పాత తువ్వాలు పరిచి, పిల్లిని పెట్టి, పైన పూలమీద కప్పే తడిబట్ట కప్పింది. "పాండ్రి, దవాఖానకు" అంది, తనే ముందు నడుస్తూ.

మూల మీద ఆటో ఉంది. ఆటో అతనిది ఆమె ఊరే. అప్పుడు ఎనిమిదీ అయిదు.

మొయినాబాద్ పశువుల దవాఖానలో బర్రెలను కట్టే ఇనుప చట్రం ఉంది, ఒక కాంపౌండర్ ఉన్నాడు, డాక్టరు లేడు.

"సార్ క్యాంపుల ఉన్నడు. గొర్లకు టీకాలు" అన్నాడు కాంపౌండర్. గంపలోకి తొంగి చూశాడు. "పిల్లికి ఆపరేషనా? ఈడ బర్లు, ఎడ్లే అవ్వా. చేవెళ్లల ఒక డాక్టరమ్మ కొత్తగ షట్టర్ తీస్కొని దుకాణం పెట్టింది. ఫామ్‌హౌసులోళ్ళ కుక్కలన్ని ఆడికే పోతున్నయి. జల్ది పోండ్రి."

ఆటో చేవెళ్ల వైపు తిరిగింది. నా డెబ్బై ఏళ్ళలో నేను వాహనాన్ని తొందరగా నడపమని అడగడం అదే మొదటిసారి. పూలావిడ నాకంటే ముందే అరుస్తోంది. "ఓ తమ్మీ, గా లారీ ఎన్క ఎందుకు వోతున్నవ్, దాటించు!"

"దాటిస్తే పిల్లితోని నలుగురం పోతం, అక్కా."

"అయితే హారన్ కొట్టు!"

చామంతి తోటలు, ఫామ్‌హౌసు గోడలు, ప్లాట్ల బోర్డులు, క్యారెట్లు కడుగుతున్న తొట్లు, మళ్ళీ బోర్డులు. నేను పిల్లి అరుపులు లెక్కపెడుతున్నాను. గేటు దాటినప్పటి నుంచి పందొమ్మిది. ఇరవయ్యోది రాలేదు. తడిబట్ట కింద చెయ్యి పెట్టి చూశాను. డొక్క కదులుతోంది. అది కదిలినప్పుడల్లా నాకు ఊపిరి వచ్చింది.

చేవెళ్లలో విత్తనాల దుకాణం పక్కన ఆ షట్టర్. ముందు గదిలో బెంచీ, దాని కింద కాలికి కట్టుతో పెద్ద కుక్క ఒకటి పడుకుని ఉంది. లోపల గది తలుపుకు అద్దం. డాక్టరమ్మకు ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. నోరు తెరిచి చూసింది, పొట్ట నొక్కి చూసింది, ఎక్స్‌రేకు సిటీ వెళ్ళేంత టైమ్ లేదంది.

"ఎప్పుడు మింగింది?"

"సోమవారం సాయంత్రం ఆరున్నరకూ, ఆరూ ముప్ఫై నాలుగుకూ మధ్య."

ఆమె చేతులు ఆగాయి. "సూది?"

"తోరణానికే ఉంది. నేను చూశాను."

"ఎన్నిసార్లు కక్కింది?"

"నిన్న ఉదయం ఆరూ ఇరవై, తొమ్మిది, ఒంటిగంటన్నర, నాలుగూ పది. ఇవాళ లేదు."

"అమ్మా, మీలాంటివాళ్ళు నాకు రోజుకొక్కరు వస్తే చాలు" అంది డాక్టరమ్మ, మొదటిసారి నవ్వుతూ. "మరి దారం ఎంత?"

"మొత్తం ఎనిమిది మూరలు. తోరణంలో నాలుగు. దీని కడుపులో నాలుగు."

పూలావిడ నా పక్కనే ఉంది. చేతులు కొంగులోకి లాక్కుంది.

మత్తు ఇవ్వడానికి పిల్లి బరువు తెలియాలి. డాక్టరమ్మ దగ్గరున్న తూకం కుక్కలు నిలబడేది, కిలోలే గానీ గ్రాములు చూపించదు. విత్తనాల దుకాణంలో ఎలక్ట్రానిక్ కాటా ఉంది. గంప, తువ్వాలు, పిల్లి కలిపి నాలుగు కిలోల యాభై గ్రాములు. పిల్లిని పూలావిడ చేతుల్లో పెట్టి, తువ్వాలుతో ఉత్త గంప తూచాం. కిలో నూట యాభై. రెండు కిలోల తొమ్మిది వందలు అని కాటావాడికంటే ముందు నేను చెప్పాను. విత్తనాలు కొనడానికి వచ్చిన రైతులు మిర్చి గింజల సంగతి మరిచి మా చుట్టూ చేరారు.

"ఏం విత్తనం అవ్వా గిది, మొలుస్తదా?" అని ఒకాయన అడిగాడు.

"పొద్దుమూకే దాంక ఆగి చూడు" అంది పూలావిడ.

గంటసేపు నరానికి సెలైన్ ఎక్కించారు. పది ఇరవై అయిదుకు లోపలికి తీసుకెళ్ళారు. చేవెళ్లలో పన్నెండింటికి కరెంటు పోతుంది. అంటే తొంభై అయిదు నిమిషాలు. డాక్టరమ్మకు సాయంగా ఒక ముసలి కాంపౌండర్. మేమిద్దరం బెంచీ మీద. ఆటో అతను వెళ్ళిపోవచ్చు. కానీ వెళ్ళలేదు. గడప మీద కూర్చుని, "నేను గూడ చూసి పోత" అన్నాడు.

అద్దంలోంచి డాక్టరమ్మ వీపు తప్ప ఏమీ కనబడదు. పూలావిడ చేతులు ఊరికే ఉండలేక, ఒడిలో లేని పూలు కడుతున్నాయి. వేళ్ళు ముడివేస్తున్నాయి, జరుపుతున్నాయి, మళ్ళీ ముడి. నాకు ఒక్కచోట కూర్చోబుద్ధి కాలేదు. ఇంతగా దడదడలాడడం నాకు కొత్త. అందులో భయం సగమే. మిగతా సగం, సిగ్గు లేకుండా చెప్పాలంటే, పబ్లిక్ పరీక్షలో ఆఖరి లెక్క చేస్తున్న పిల్లలాంటి ఉత్సాహం. నా అంకెలన్నీ ఆ గదిలో పనికొస్తున్నాయి. నేను చెప్పిన వేళ, నేను చెప్పిన బరువు, నేను చెప్పిన పొడవు.

పదకొండూ ముప్ఫై అయిదుకు తలుపు సగం తెరుచుకుంది. కాంపౌండర్ స్టీలు పళ్ళెం తెచ్చి బెంచీ మీద పెట్టాడు. నీళ్ళలో మూడు తెల్లటి ముక్కలు. డాక్టరమ్మ బల్ల దగ్గర నుంచే, చేతులు కదపకుండా మాట్లాడింది.

"అమ్మా, నాలుక దగ్గర తెంపి, కడుపులో ఒక కోత, పేగుకు ఒక కోత పెట్టి తీశా. వచ్చిందంతా అదే. కొలవండి. త్వరగా."

ముక్కలు ఒక్కొక్కటి ఎత్తి, చీర చెంగుతో తుడిచి, మోచెయ్యి బెంచీకి ఆనించి కొలిచాను. మొదటిది ఒక మూర మీద పన్నెండు వేళ్ళు. రెండోది ఒక మూర. మూడోది పన్నెండు వేళ్ళు. మళ్ళీ కొలిచాను. మూడు మూరలు. వేలెడు ఎక్కువ లేదు, వేలెడు తక్కువ లేదు.

"మూడే ఉంది. ఇంకో మూర ఉండాలి" అన్నాను.

డాక్టరమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. "కింద పేగులో ఒకచోట గట్టిగా తగులుతోంది. వాపు కావచ్చు, దారం కావచ్చు. దారం ఉండగా కుట్టేస్తే రెండు రోజుల్లో పేగు కోసుకుపోతుంది. దారం లేకుండా కోస్తే, ఊరికే ఇంకో గాయం. ఇప్పటికే బాగా నీరసించింది, ఇంకో కోత తట్టుకుంటుందని నేను చెప్పలేను. కరెంటు ఇరవై నిమిషాలే. మీ లెక్క ఖాయమేనా అమ్మా? ఖాయమంటే కోస్తా."

ముందు గదిలో కుక్క కూడా తల ఎత్తింది. నేను ఆలోచించలేదు. ఆలోచించడానికి ఏముంది?

"ఖాయం. ఎనిమిదిలోంచి నాలుగు పోతే నాలుగు. మూడు వచ్చింది. ఒకటి లోపల ఉంది."

డాక్టరమ్మ బల్ల మీదికి వంగింది.

"ఆగుండ్రి!"

పూలావిడ లేచి నిలబడింది. ఆమె మొహం ఎర్రబడింది. ఒకసారి గడప మీదున్న ఆటో అతన్ని చూసింది. వాళ్ళ ఊరి మనిషి. అతని ఇంట్లోవాళ్ళు రోజూ ఈమె దగ్గరే పూలు కొనేది. మళ్ళీ నన్ను చూసింది.

"డాక్టరమ్మా, కొయ్యకుండ్రి. గా ఎనిమిది మూరలు టీచరమ్మ కొల్వలే. నేను కొల్చిన."

"ఎవరు కొలిస్తే ఏమిటి? నా ఎదుటేగా కొలిచావు" అన్నాను.

"నా మూర..." అని ఆగింది. పెదవి తడుపుకుంది. "నా మూర తక్కువ, టీచరమ్మా."

ఆరేళ్ళు. రోజూ ఒట్లు. ఎల్లమ్మ తల్లి మీద, పిల్లల మీద, నా మీద కూడా ఒకసారి.

"అమ్మేది తక్కువ కొలుస్తావు, సరే" అన్నాను. "దారం ఊరికే ఇచ్చావుగా! దానికీ తక్కువ ఎందుకు కొలుస్తావు?"

"నేను కొల్వలేదమ్మ, నా చెయ్యి కొల్చింది! ఇరువై ఏండ్ల సంది గట్లనే తిరుగుతున్నది. నిండు మూర ఎట్లుంటదో గిప్పుడు దానికి యాదికి లేదు!"

గడప మీద ఆటో అతను నోరు తెరిచాడు. "అంటే అక్కా, మా ఇంట్ల..."

"నువ్వు నోర్ముయ్ తమ్మీ, పిల్లి చస్తున్నది!"

పదకొండూ నలభై నాలుగు. నా మెదడు ఒక్కసారిగా పనిచెయ్యడం మొదలుపెట్టింది. "పట్టు, కొలువు" అని పొడుగు ముక్క ఆమె చేతిలో పెట్టాను. "కళ్ళు మూసుకో. మాల అమ్ముతున్నాననుకో. రోజూ ఎలా తిప్పుతావో అలాగే తిప్పు."

ఆమె కళ్ళు మూసుకుంది. చెయ్యి తిరిగింది. ఆగిన చోట నేను గోరుతో నొక్కి పట్టుకుని, ఆ పొడవు నా చేతి మీద పరిచాను. మోచేతి దాకా రాలేదు. ఎంత తక్కువో వేళ్ళు ఆనించి చూశాను. మూడు వేళ్ళు. మళ్ళీ కొలవమన్నాను. మళ్ళీ మూడే. ఇంకోసారి. మూడే. ఇరవై ఏళ్ళుగా మోసం చేస్తున్న చెయ్యి, ఒక్క వేలు కూడా తేడా రాకుండా చేస్తోంది! స్కూల్లో నా పిల్లలు ఒక్కరైనా ఇంత కచ్చితంగా కొలిచి ఉంటే కౌగిలించుకునేదాన్ని.

"మూరకు మూడు వేళ్ళు. ఎనిమిది మూరలకు ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు వేళ్ళు. ఇరవై నాలుగు వేళ్ళంటే ఒక మూర!" నా గొంతు విత్తనాల దుకాణం దాకా వినిపించి ఉంటుంది. "ఆమె ఎనిమిది నాకు ఏడు! ఏడులో నాలుగు తోరణం. మూడు పళ్ళెంలో. లోపల ఏమీ లేదు డాక్టరమ్మా, కుట్టెయ్యండి!"

డాక్టరమ్మ మా ఇద్దరి వంకా ఒకసారి చూసింది. "నాకు తగిలేది కూడా వాపులాగే ఉంది. కానీ మీరు ఖాయం అన్నప్పుడు భయపడ్డా" అంది. తలుపు మూసుకుంది.

మూడు నిమిషాల తరవాత గానీ అసలు సంగతి నాకు తట్టలేదు. ఖాయం అన్నది నేను. ఆ మాట మీద ఇంకో కోత పడేది. అబద్ధపు మూర ఆమెదే, కానీ అంకె రాసి, కొలిచిన చెయ్యి ఎవరిదో రాయని తప్పు నాది. ఆరేళ్ళుగా ఆ చెయ్యిని అనుమానించినదాన్ని, అది నాకు ఊరికే ఇచ్చిన రోజున మాత్రం కళ్ళు మూసుకుని నమ్మాను.

పన్నెండు కొట్టడానికి నాలుగు నిమిషాల ముందు తలుపు తెరుచుకుంది. చివరి కుట్టు పడింది. పన్నెండుకు కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది. ఆ నిశ్శబ్దంలో లోపలి నుంచి పిల్లి ఊపిరి ఈలలా వినిపించింది. పూలావిడ రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించుకుంది. ఆటో అతను లేచి ఆమె ముందు నిలబడ్డాడు.

"అక్కా, ఒక మాట అడుగుత. మా పెండ్లికి బండికి కట్టిన పూలు గూడ గీ మూరలనేనా?"

"మీ పెండ్లికి ఇంకో వేలు తక్కువనే కొల్చిన, అప్పుడు తొందర మీదుండె" అంది ఆమె. నేను నవ్వాను. ఎంత నవ్వానంటే, కుక్క మొరిగింది.

అయినా లెక్క తేలినట్టు కాదు. డాక్టరమ్మ స్పష్టంగా చెప్పింది. దారం ఏమైనా మిగిలి ఉంటే రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. తిని, నిలుపుకుని, దొడ్డికి వెళ్తేనే గండం గడిచినట్టు. పిల్లిని అక్కడే ఉంచింది. గురువారం తొమ్మిది గంటల బస్సుకు నేను బస్టాపుకు వెళ్ళేసరికి పూలావిడ అప్పటికే అక్కడ ఉంది, గంప లేకుండా.

"బేరానికి పోలేదా?"

"ఇయ్యాల నా మొఖం ఎవరికి చూపియ్యాలె? తమ్మి ఊరంత డప్పు కొట్టిండు."

బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. గురువారం పిల్లి తల ఎత్తింది. శుక్రవారం చెంచాడు గంజి నాకింది. పదకొండు నిమిషాలు చూస్తూ నిలబడ్డాం, కక్కలేదు. శనివారం తొమ్మిదీ నలభై అయిదుకు మేం వెళ్ళేసరికి కాంపౌండర్ గడప మీదే ఎదురొచ్చి, "పోయిందమ్మా, పోయింది!" అన్నాడు. పూలావిడ అతని భుజం పట్టుకుని ఊపింది.

"ఏం పోయింది, సక్కగ చెప్పు!"

"దొడ్డికి పోయింది! ఇసుక డబ్బల!"

డాక్టరమ్మ కర్రపుల్లతో కదిపి చూసి, దారం పోగు కూడా లేదంది. నేనూ కళ్ళజోడు తుడుచుకుని వంగి చూశాను. చదువుకున్న డెబ్బై ఏళ్ళ మనిషి, కళ్ళలో నీళ్ళతో, పిల్లి మలాన్ని అంత ఆనందంగా చూడడం చేవెళ్లలో అదే మొదటిసారి అయ్యుంటుంది. పూలావిడ విత్తనాల దుకాణంలోకి పరిగెత్తింది. "మొలిచింది! మొలిచింది!" అని అరుస్తోంది. కాటా దగ్గరున్న వాళ్ళకు ఏమర్థమైందో గానీ, అందరూ చప్పట్లు కొట్టారు.

పదో రోజు కుట్లు విప్పించి, అదే గంపలో ఇంటికి తెచ్చాం. గంప బరువు పోను మూడు కిలోల యాభై గ్రాములు. దిగగానే బియ్యం డబ్బా ఎక్కింది.

ఈలోపు మా లేఅవుట్‌లో ఆడవాళ్ళు కొత్త మాట నేర్చుకున్నారు. పూలావిడ గంప దించగానే, "ఏ మూర ఇస్తున్నావు, నీ మూరా, పిల్లి మూరా?" అని అడగడం. పిల్లి మూరంటే నిండు మూర. ఆమె మొదటి రెండు రోజులు తల దించుకుంది. మూడో రోజు నుంచి, "పిల్లి మూర కావాల్నంటే ముందుగాల పిల్లిని తెచ్చి చూపియ్యుండ్రి" అనడం మొదలుపెట్టింది. ఇచ్చేది మాత్రం నిండుగానే ఇచ్చేది. మోచేతి దగ్గర బొటనవేలు ఆనించి, నోటితో లెక్కపెట్టుకుంటూ, కొత్తగా బడిలో చేరిన పిల్లలా నిదానంగా. అలా కొలుస్తుంటే నాలుగిళ్ళు తిరిగే వేళకు రెండిళ్ళే అయ్యేవి.

కుట్లు విప్పిన మర్నాడు మా మెట్ల మీద కూర్చుని చామంతి మాల తీసింది. బొటనవేలు మోచేతికి ఆనించింది.

"అట్లా కాదు. రోజూ ఎలా కొలిచేదానివో అలా కొలువు" అన్నాను.

"ఎగతాళి చేస్తున్నవా, టీచరమ్మా?"

"లేదు. నాకు ఆ మూరే కావాలి. ఒకటి."

ఆమె నా మొహంలోకి చూసి, మోచేతి మీద నుంచి బొటనవేలు తీసేసింది. తరవాత చెయ్యి గిర్రున తిరిగింది, ఆగింది, తుంచింది. మాల గుమ్మం మేకుకు తగిలించి, నేను లోపలికి వెళ్ళి డైరీ తీశాను. "చామంతులు, ఒక మూర" అని రాసి, పక్కనే "ఆమె మూర" అని రాశాను. పిల్లి బియ్యం డబ్బా మీద నుంచి మాల కొసనే చూస్తోంది. లేచి వెళ్ళి, మాలను ఇంకా పైనున్న మేకుకు ఎత్తి కట్టాను.